దశాంశబిందు విజయము

స్వస్తి! గోడగడియారపు ముళ్ళు రెండును పదికిని పదకొండుకును నడుమ ఒకదానిపై నొకటి వ్రాలి రహస్యములాడుకొనుచున్న శుభసమయమున, ఇంజను నూనె వాసనయే ధూపముగా, హారన్ల మ్రోతయే రణభేరిగా, ఇరుప్రక్కల నిలిపిన బండ్లే గజతురగదళములుగా విలసిల్లు మోటారు విడిభాగముల వీధిలో, ఎండదెబ్బకు డాష్‌బోర్డులన్నియు పెనములై కాగుచున్న ఒక శనివారమునాడు, సకలవర్తకహృదయకంపనుడును, తక్కెడముళ్ళకు సింహస్వప్నమును, పెట్రోలు పంపుల పాలిటి ప్రళయకాలమేఘమును, తూనికలు కొలతల ఇన్స్పెక్టరును అగు మన కథానాయకుడు, కారు తాళమును ఖడ్గమువలె చేతబూని, డిజిటల్ మీటర్ల దుకాణము మెట్లెక్కెను. మెట్లు రెండే. అయినను వీరుడు ఎక్కినప్పుడు లెక్కించి చెప్పుట మా వృత్తిధర్మము.

ఆయనను వర్తకజనము చాటుగా ‘ముల్లు సారు’ అని పిలుచును. తక్కెడ ముల్లు ఊగుచున్నంతసేపు ఆయన రెప్ప వేయడు. అది ఆగిన తరువాత కూడ, ఎందుకైనా మంచిదని, మరి కొంతసేపు చూచును. ఆ కొంతసేపటిలో ఎదుటి దుకాణదారుని తలప్రాణము తోకకు వచ్చును. లోకములోని కొలతలన్నియు తప్పేనని మొదట నమ్మి, తప్పు దొరకనప్పుడు మాత్రమే అయిష్టముగా ఒప్పుకొను స్వభావము ఆయనది. అట్టివాడు తన సొంతమునకు ఒక మీటరు ఎంచుకొనవలసి వచ్చినచో ఏమగునో మీరే ఊహించుకొనుడు.

ఇక ఆయన రథము. పదునాలుగేండ్లనాటి రెండు తలుపుల చిన్న కారు. ఒకప్పుడు ఎరుపు, ఎండకు వెలిసి ఇప్పుడు ఏ రంగో చెప్పుటకు వీలులేని రంగు. బానెట్టు క్రింద, ఇంజనులోనికి గాలిని బలవంతముగా ఊదు టర్బో అను చిన్న రాక్షసుడు కాపురముండి, యాక్సిలరేటరు తొక్కినప్పుడెల్ల ఈల వేయును. ఆ ఈల విన్నంతనే మన వీరుని చేయి మీసము మీదికి పోవును. మీసము లేదు, అయినను పోవును. ఇంతటి పరాక్రమము గల బండికి, దానిని చేసినవారు వేగము చూపుటకొక ముల్లును, పెట్రోలు చూపుటకొక ముల్లును, ఇంజనులో నూనె ఒత్తిడి పడిపోయినచో వెలుగుటకు కందిగింజంత ఎర్రదీపమును మాత్రమే అమర్చి చేతులు దులుపుకొనిరి.

ఆ దీపమే కొంప ముంచెను. ఎవరి బండ్లు వారు తెచ్చుకొని పరుగులు తీయించుటకు రేసు మైదానమువారు తలుపులు తెరచు ఒకానొక ఆదివారమున, గడచిన ఏడు, మన వీరుడు పొడవైన ఎడమ మలుపులో వాయువేగమున దూసుకొనిపోవుచుండగా, నూనె యంతయు ఒక ప్రక్కకు ఒరిగి, ఒత్తిడి పడిపోయి, కందిగింజ ఎర్రగా వెలిగెను. ఆయన రోడ్డు చూచుచుండెను, దీపము చూడలేదు. ఇంజను ఒక్క దగ్గు దగ్గి మిన్నకుండెను. ఆరు నెలలు అది మేస్త్రీ షెడ్డులో ముక్కలుముక్కలుగా పడియుండగా, ఆయన ప్రతి ఆదివారము పోయి దానిని పలకరించి వచ్చుచుండెను. ఆ సంగతి తలచుకొన్న ఇప్పటికిని ఆయనకు గుండె చెరువగును.

అప్పుడు ఆయన భార్య కుండ బద్దలు కొట్టినట్లు ఒక మాట చెప్పెను.

“చూడండి, ఇదే చివరిసారి. ఇంకొక్కసారి ఆ ఇంజన్ విప్పించారంటే బండి అమ్మేద్దాం. బ్రతిమాలడాలు, మొహం ముడుచుకు కూర్చోడాలు ఏమీ ఉండవు. ముందే చెప్తున్నా.”

మేస్త్రీ మరి రెండాకులు ఎక్కువ చదివినవాడు. ఇంజను మీద చెవి పెట్టి దాని మనసులోని మాట చెప్పగల దిట్ట.

“సార్, మీటరు లేకుండా ఈ బండి నా షెడ్డు నుంచి మైదానానికి పోదు. ఆయిల్ ప్రెషరు, ఆయిల్ వేడి, నీళ్ళ వేడి, టర్బో ప్రెషరు, నాలుగూ మీ కళ్ళముందు కనబడాలి. స్టీరింగు పక్కన ఏసీ గాలొచ్చే గుండ్రటి కంత ఉంది చూశారా, అందులో ఒక్కటే పడుతుంది. కాబట్టి నాలుగూ చూపించే డిజిటల్ మీటరు ఒకటి తెచ్చుకోండి. శనివారం ఒంటిగంటకల్లా నా చేతిలో పెడితే బిగిస్తా. లేదంటే ఆదివారం ఇంట్లో కూచుని టీవీ చూసుకోండి.”

కావున పణము ఇది: నేటి ఒంటిగంటలోపల మీటరు కుదిరినచో రేపు బండి మైదానమునకు పోవును. కుదరనిచో పోదు. తప్పుడు మీటరు తగిలించుకొని పోయి మరల ఇంజను పోగొట్టుకొన్నచో, ఏకముగా బండియే చేజారి పోవును.

మూడు వారములు మన వీరుడు దీనిపై తపస్సు చేసెను. పదకొండు నిలువు గడులతో ఒక పట్టిక గీసెను. తినుచు, నడచుచు, స్నానము చేయుచు మీటర్లనే స్మరించెను. మేస్త్రీతో ఫోనులో ఆయన సాగించిన మంత్రాలోచనల వలన ఇంట అపార్థములు కూడ పుట్టెను. ఒత్తిడిని కొలుచు ప్రమాణమునకు ‘బార్’ అని పేరుండుట లోకమునకు తెలిసిన విషయమే గాని, ఆయన అత్తగారికి తెలిసిన విషయము కాదు. చుట్టపుచూపుగా వచ్చి ప్రక్కగదిలో కూర్చున్న ఆ ఇల్లాలు, అల్లుడు ఫోనులో “ఇకమీదట ఒకటిన్నర బార్ దగ్గరే ఆపేస్తాను మేస్త్రీ, రెండు బార్లంటే తట్టుకోదు” అనుట విని, కూతురిని వంటింటిలోకి లాగెను.

“అమ్మాయ్, మీ ఆయన ఒకటిన్నర బారు దగ్గర ఆపేస్తాడంటనే! ఒకటంటే అర్థమైంది. ఆ సగం బారేంటే? సగంలో లేచి వచ్చేస్తాడా?”

“అమ్మా, అది టర్బో గురించి.”

“టర్బోనా? కొత్త సరుకా?”

ఈ చిక్కు విడుటకు రెండు రోజులు పట్టెను. ఆ రెండు రోజులును అత్తగారు అల్లుని దగ్గరగా వచ్చి మాట్లాడుచు, మధ్యమధ్య గాలి పీల్చి చూచుచుండెను. అల్లుడది ఆప్యాయత అనుకొనెను.

శ్రోతలారా, ఇంతవరకు చెప్పినదంతయు పైపై యుద్ధము. అసలు శత్రువు వేరు. పదకొండు గడుల పట్టికలో వాని పేరు లేదు. వాడు మన వీరుని కంటిలోనే కాపురముండెను. వానిపేరు చత్వారము.

నలుబదియేడేండ్ల మన కథానాయకుడు రెండేండ్లుగా దగ్గరి అక్షరము చదువలేకుండెను. పత్రిక పట్టుకొన్న చేయి నెలకొక అంగుళము దూరమునకు జరుగుచుండెను. మందుసీసా మీది రాతలను ఆయన “ఈ మధ్య అచ్చు మరీ నాసిగా వేస్తున్నారు” అని తిట్టును. హోటలులో “దీపాలు పెంచమనవయ్యా” అని కసరును. కార్యాలయములో ముళ్ళను, గీతలను భూతద్దముతో చూచును. ఆ భూతద్దము ప్రభుత్వమే ఇచ్చినది గనుక ఎవరికిని అనుమానము రాలేదు.

దాచుటకు కారణము కలదు. ఆయన భార్య కళ్ళజోళ్ళ దుకాణములో దృష్టిపరీక్ష చేయునది. రోజుకు ఇరువదిమంది ఆమె ఎదుట కూర్చుండి, కాగితమును మోకాళ్ళదాక దించి, మెడ వెనుకకు విరిచి, “నాకు బాగానే కనబడుతుందమ్మా, మా ఇంటావిడే పంపించింది” అని అబద్ధమాడుదురు. సాయంకాలము ఆమె ఇంటికి వచ్చి వారినందరిని అనుకరించి చూపునప్పుడు, అందరికంటె బిగ్గరగా నవ్వినవాడు మన వీరుడే. ఆ వరుసలో తాను పోయి కూర్చుండుటకు ఆయనకు మొహము చెల్లలేదు. అదిగాక, తెలిసినచో ఆమె కారు తాళము లాగికొనునని భయము. నిజమునకు ఆ భయమే పెద్దది. త్రాసుల ఎదుట సింహము, ఈ ఒక్క విషయమున పిల్లి.

ఇట్టి శత్రువును కంటిలో ఉంచుకొని ఆయన దుకాణము చొచ్చెను.

దుకాణదారుడు స్థూలకాయుడు, సహనమే కవచముగా ధరించినవాడు. ఈ మూడు వారములలో ముల్లు సారు ఆయన ప్రాణములు ఆరుసార్లు తోడివేసెను గనుక, నేడు ఏడవసారి చూచి, కుర్చీలోనుండి లేచుటకు ముందు ఒక నిట్టూర్పు విడిచి, అటుపిమ్మట లేచెను. బల్లమీద ఒక పలక. పలకకు నాలుగు గుండ్రని మీటర్లు బిగించి కలవు. వాటి వెనుక, ఇంజను లేకున్నను ఉన్నట్లు భ్రమింపజేయుటకు, నాలుగు బొడిపెలు గల ఒక పెట్టె. ఒక్కొక్క బొడిపె త్రిప్పిన ఒక్కొక్క అంకె మారును.

“ఇవ్వాళ తేల్చేద్దాం సార్. ఒంటిగంటకి షట్టరు దించేస్తాను, మా మరదలి కొడుకు నిశ్చితార్థం ఉంది.”

అంతట మన వీరుడు మొదటి మీటరును ఢీకొనెను. అది ఒక్క గుండ్రటి తెరలో ఎనిమిది అంకెలను వలయముగా త్రిప్పి చూపు అష్టావధాని. ఆ ఎనిమిది అంకెలును ఆయన కంటికి ఎనిమిది చీమలుగా కనబడెను. చీమలు ఏమి చెప్పుచున్నవో తెలియలేదు. అప్పుడాయన మనస్సున, “ఓరీ అష్టవక్త్రా! తులాదండసహస్రమును కనుసన్నల శాసించిన నా ఎదుట నీ గారడి నడుచునా? నీ అల్పాక్షరమాయాజాలమును ఛేదించి, నిన్ను నీ పెట్టెలోనికే తరిమికొట్టెదను, నిలునిలు!” అని ఒక మహాగర్జన తయారయ్యెను. నోటివెంట మాత్రము ఇది వచ్చెను:

“దీని రిఫ్రెష్ రేటు ఎంతండీ?”

“సెకనుకి ఇరవై సార్లు సార్. మొన్నా అడిగారు.”

“ఇరవయ్యేనా?” అని ఆయన పెదవి విరిచెను. చదువలేని అంకె సెకనుకు ఇరువదిసార్లు మారినను రెండువందలసార్లు మారినను ఒక్కటే అని ఆయనకు తెలియును. తెలిసియే పెదవి విరిచెను.

రెండవది వ్రేలితో తాకిన రంగులు మారునది. దానిని “చేతికి చెమట పడితే ఎలా?” అను ప్రశ్నతో నేలగూల్చెను. మూడవది డిజిటల్ తెరమీదనే నాలుగు చిన్నచిన్న ముళ్ళ మీటర్లను చిత్రించి చూపునది. ముళ్ళు అనగానే ఆయనకు పుట్టింటి మనుషులు కనబడినట్లయ్యెను. ఆత్రముగా వంగి చూచెను. వెంట్రుకవాసి ముళ్ళు, వాటి చుట్టు ఇసుకరేణువులవంటి అంకెలు. “బొమ్మ ముల్లు ముల్లెలా అవుతుందండీ? అసలు ముల్లుకి బరువుంటుంది” అని ఒక శాస్త్రార్థము చేసి దానిని కూడ త్రోసిపుచ్చెను.

నాలుగవదానిని ఆయన అసలు లెక్కలోనికే తీసికొనలేదు. అది ఒక సమయమున ఒకే ఒక అంకెను తెరనిండ పెద్దదిగా చూపును. తక్కినవి లోపల దాగి యుండి, ఏది ప్రమాదములో పడినదో అది తనంతట తానే ముందుకు వచ్చి తెరయంతయు ఎర్రబరచును.

“ఇది పిల్లలకి ఒంట్లు నేర్పే పలకలా ఉందండీ. పక్కన ఎవడైనా చూస్తే నవ్వుతాడు.”

“ఎవరు నవ్వుతారు సార్? బండిలో మీరేగా ఉండేది.”

ఈ వాదప్రతివాదములలో గంటకు పైగా గడచెను. గోడగడియారము పన్నెండుంబావు చూపెను. ఒకవైపు కాలము తరుముచుండగా, ఇంకొకవైపు పట్టిక కాగితము చెమటకు తడిసి చిరుగుచుండగా, ఎటును తేలక, ఏదో ఒకటి తీసికొని బయటపడుదునను తెగింపు ఆయనకు కలిగెను. అష్టావధానినే చూపి, “సరే, ఇదే కానివ్వండి. ఎక్కువ చూపిస్తోంది కదా” అనెను.

మీటరును పెట్టెలో పెట్టి ఇచ్చుటకు ముందు ఒక పరీక్ష చేయుట దుకాణదారునికి అలవాటు.

“ఒక్క నిమిషం సార్. మీరు మైదానంలో ఉన్నారనుకోండి. నేనిక్కడ తిప్పుతా, మీరు చూసి ఆయిల్ ప్రెషరెంతో చెప్పండి. ఏం చేస్తారో కూడా చెప్పండి.”

బొడిపె తిరిగెను. ఎనిమిది చీమలలో ఒకటి ఎర్రబడెను. మన వీరుడు కనుబొమలు ముడిచి, ఊపిరి బిగబట్టి, చీమను తదేకముగా చూచెను. ఒక సున్నా, ఒక ఆరు. ముందున్న సున్నాను ఆయన మర్యాదకొరకు పెట్టినదనుకొనెను. ఎర్రరంగును అలంకారమనుకొనెను.

“ఆరు బార్లు! బ్రహ్మాండంగా ఉంది. ఇంకా తొక్కొచ్చు.”

దుకాణదారుడు నోరు వెళ్ళబెట్టెను. అతడు ఏదో చెప్పబోవునంతలో వాకిటినుండి ఒక స్వరము వినబడెను.

“ఎంతన్నారు?”

శనివారపు సగముపూట పని ముగించుకొని, భర్తతోపాటు ఇంటికి పోవచ్చునని వచ్చిన ఆయన భార్య, భుజాన సంచితో రెండవ మెట్టుమీద నిలిచియుండెను. ఎప్పుడు వచ్చెనో ఎవరును చూడలేదు.

“ఆరు,” అనెను వీరుడు.

“ఇంకొకసారి చూసి చెప్పండి.”

ఆయన మరల చూచెను. మెడ తనకు తెలియకయే వెనుకకు విరిగెను.

“ఆరే.”

“సార్,” అనెను దుకాణదారుడు మెల్లగా, పరామర్శకు వచ్చినవానివలె, “అది సున్నా పాయింట్ ఆరు. మీ ఇంజన్ పోయి అర నిమిషమైంది.”

ఆహా, ఏమని చెప్పుదును! ఆరు బార్లనిన ఇంజను పట్టాభిషేకము చేసికొన్నట్లు. సున్నా పాయింటు ఆరనిన ప్రాణముపోవుచున్నట్లు. ఈ రెంటికిని నడుమ నున్నది ఒక చుక్క. చుక్క ఒక గడి జరిగినదని కాయగూరల కాటా ఒకదానికి సీలు వేసి, దాని యజమానికి ముప్పావుగంట ఉపన్యాసమిచ్చి, “ఇంత చుక్క కనబడలేదా నీకు?” అని గర్జించినవాడు ఈయనయే. అది జరిగి పది రోజులు కూడ కాలేదు. ఇప్పుడా గర్జన యంతయు తిరిగివచ్చి ఆయన చెవిలోనే పడెను. దేశములోని ముళ్ళన్నింటిని సరిచూచినవాడు, వాటిని చూచు కన్ను సరియైనదో కాదో ఒక్కనాడును చూడలేదు. సిగ్గుతో ఆయన చెవులు వేడెక్కెను. సిగ్గుకంటె ముందు దడ పుట్టెను: ఈ మీటరే పెట్టుకొని రేపు మైదానములోనికి పోయియుండిన, ఎదుట మీటరు వెలుగుచుండగనే, తన చేతులతో తానే, చూచుచు చూచుచు, ఆ ఇంజనును చంపియుండును.

“ఎప్పటినుంచి?” అని అడిగెను భార్య.

“ఏది?”

“నీళ్ళు నమలకండి.”

అప్పుడు మన వీరుని మనస్సున తుదిసారి ఒక వాక్ప్రవాహము పెల్లుబికెను: “దీపకాంతిహైన్యము చేతను, అల్పాక్షరముద్రణాపచారము చేతను, గవాక్షముఖాగతసూర్యకిరణప్రతిఘాతము చేతను కలిగిన తాత్కాలికభ్రాంతియే గాని...” అని అది ఇంకను సాగనుండెను. నోటివెంట వచ్చినది మాత్రము చాల చిన్న వాక్యము.

“నాకు చత్వారం వచ్చినట్టుంది.”

రెండేండ్లు దాచిన మాట రెండు క్షణములలో బయటపడెను. మిన్ను విరిగి మీద పడలేదు. దుకాణదారుడు మర్యాదగా ఒక స్క్రూ డ్రైవరును వెదకసాగెను.

“నాకు తెలుసు,” అనెను ఆమె.

“తెలుసా?”

“పోయినేడాది మీ ఫోన్‌లో అక్షరాలు పెద్దవయ్యాయి గుర్తుందా? ఫోన్ కంపెనీవాళ్ళు జనం కష్టం తెలిసినవాళ్ళు అని వారం రోజులు మెచ్చుకున్నారు. మీరు స్నానానికి వెళ్ళినప్పుడు నేనే పెద్దవి చేశాను.”

“మరి అప్పుడే చెప్పొచ్చుగా?”

“నా ముందు రోజూ ఇరవైమంది అబద్ధమాడతారు. మీరు మాత్రం మీ అంతట మీరే వచ్చి చెప్తారనుకున్నా. రోజూ అనుకున్నా.” ఆమె గొంతులో నవ్వు లేదు. “నేనంటే భయమా?”

ఆయన తల దించికొని అవునన్నట్లు ఊపెను. తరువాత కాదన్నట్లు ఊపెను. చివరకు అసలు అడుగవలసినది అడిగెను.

“రేపు వెళ్ళద్దంటావా?”

“వెళ్ళద్దని నేనెప్పుడన్నాను? కనబడకుండా నడపద్దంటున్నా. టైమెంత? పన్నెండున్నరా? పదండి, బండిలో కూర్చోండి. అన్నగారూ, ఆ పలక పట్టుకుని మీరూ రండి. కొలిచే టేపుంటే తీసుకురండి.”

ఇట్లు సైన్యాధిపత్యము చేతులు మారెను. వీరుడు తన రథములో కూర్చుండెను. ఆమె టేపుతో ఆయన కంటినుండి ఏసీ కంతవరకు కొలిచెను. డెబ్బది రెండు సెంటీమీటర్లు. ఆ కొలతను ఆయన తన అలవాటుచొప్పున మరల సరిచూడబోగా, ఆమె ఆయన వ్రేళ్ళను టేపు మీదనుండి తీసివేసెను.

“పోనీ నీ షాపులో ఒక జోడు ఇచ్చెయ్, పెట్టుకుని నడుపుతా,” అనెను ఆయన, లొంగిపోవుటలో కూడ పరాక్రమము చూపుచు.

“దగ్గరచూపు అద్దాలు పెట్టుకుంటే మీటరు కనబడుతుంది, రోడ్డు మసకబారుతుంది. అదింకా బాగుంటుంది! ఈ దూరంలో మీ మామూలు కంటికి ఏది కనబడుతుందో అదే కొనాలి. మాట్లాడకుండా చూడండి.”

అని, దినమున కిరువదిసార్లు తాను నడుపు కర్మకాండను ఆమె ఆరంభించెను. దుకాణదారుడు పలకను కంతవద్ద ఆనించి పట్టుకొనగా, ఆమె రెండు మీటర్లను అరచేతులతో మూసి, రెంటిని మాత్రము చూపి, రోగులతో మాట్లాడు ఆ నిదానపు గొంతుతో అడిగెను.

“ఇది స్పష్టంగా ఉందా... అది స్పష్టంగా ఉందా?”

“దీని రిఫ్రెష్ రేటు...”

“అడిగింది చెప్పండి. ఇదా, అదా?”

“ఏదీ సరిగా లేదు.”

“మంచిది. రెండూ తీసేశాం. ఇప్పుడు... ఇదా, అదా?”

మూడు వారముల తపస్సు, పదకొండు గడుల పట్టిక, ఏడు దండయాత్రలు సాధింపలేని కార్యమును ‘ఇదా, అదా’ అను రెండు మాటలు నాలుగు నిమిషములలో తేల్చివేసెను. మూడు మీటర్లు ఓడెను. మిగిలినది, పిల్లల ఒంట్ల పలక యని ఆయన ఎగతాళి చేసిన ఆ నాలుగవది.

“ఆగండి, ఇంకా అయిపోలేదు,” అనెను ఆమె. “అంకె కనబడితే చాలదు. అన్నగారూ, ఆయిల్ ప్రెషరు బొడిపె మాకు చెప్పకుండా మీ ఇష్టమొచ్చినంత తిప్పండి. నేనూ చూడను.”

ఆమె ముఖము త్రిప్పి రోడ్డువైపు చూచెను. బొడిపె తిరిగెను. తెర యంతయు ఎర్రబడెను. సూర్యుడు ముందుటద్దములోనుండి సూటిగా దానిమీద పడుచుండెను. చెమట కనుబొమ దాటి కంటిలోనికి దిగెను. ఆయన తుడుచుకొనలేదు. ఒకటి కనబడెను. తొమ్మిది కనబడెను. వాటి నడుమ ఏదో నల్లగా ఉన్నట్లుండెను, లేనట్లును ఉండెను. ఊహించి చెప్పుట సులభము. ఆయిల్ ప్రెషరు పందొమ్మిది బార్లుండదని ఆయనకు తెలియును. చుక్క చూడకయే చుక్క ఉన్నదని చెప్పి గట్టెక్కవచ్చును. రెండేండ్లుగా ఆయన గట్టెక్కినది అట్లే. మందుసీసాలను, హోటలు పట్టీలను, ఉత్తరములను, అన్నింటిని ఊహించియే చదివెను. నాలుక చివరవరకు వచ్చిన ఊహను ఆయన బలవంతముగా మ్రింగి, కనురెప్పలు ఒకసారి మూసి, తెరచి, త్రాసు ముల్లును చూచినట్లు చూచెను. ఆగువరకు చూచెను. ఆగిన తరువాత మరి కొంతసేపు చూచెను.

చుక్క నిలిచెను.

“ఒకటి,” అనెను ఆయన. “పాయింట్. తొమ్మిది.”

“ఏం చేస్తారు?”

“మలుపులో అయితే కాలు తీసేస్తాను. తగ్గుతూనే ఉంటే పక్కకి తీసి ఇంజన్ ఆపేస్తాను.”

“ఊహించి చెప్పారా, కనబడి చెప్పారా?”

రెండేండ్లలో మొదటిసారి ఆయన భార్య కళ్ళలోకి సూటిగా చూచి నిజము చెప్పెను.

“కనబడింది.”

దుకాణదారుడు, “ఒకటి పాయింట్ తొమ్మిదే అమ్మా, కరెక్టు!” అని పలకను ఎత్తి ఊపెను. మేస్త్రీకి ఫోను వెళ్ళెను. షెడ్డు రెండు వీధుల అవతల. ఒంటిగంటకు ఇంకను పదునెనిమిది నిమిషములుండెను.

“సోమవారం మా షాపుకొచ్చి పూర్తి పరీక్ష చేయించుకోవాలి,” అనెను ఆమె ప్రక్కసీటులో కూర్చుండుచు. “అందరితోపాటు బెంచీమీద కూర్చుని, పేరు పిలిచినప్పుడు రావాలి.”

“అందరితోపాటా?”

“అందరితోపాటే. కాగితం మోకాళ్ళ దగ్గర పట్టుకుంటే మాత్రం ఊరుకోను.”

“నన్ను కూడా ఇంటికొచ్చి చేసి చూపిస్తావా?”

“చూపిస్తా. మీకు తప్ప ఇంకెవరికి చూపిస్తాను?”

ఆయన నవ్వెను. ఈసారి బిగ్గరగా కాదు. తాళము త్రిప్పి యాక్సిలరేటరు తొక్కగా టర్బో చిన్నగా ఈల వేసెను.

కావున సకలజనులకును, ముఖ్యముగా చేయి చాచి పత్రిక చదువువారికిని, అచ్చును దీపములను నిందించువారికిని చాటించునది ఏమనగా: ఆ శనివారము మధ్యాహ్నము పన్నెండు గంటల నలుబది రెండు నిమిషములకు, చేరెడు గుండ్రటి ఎర్రని రణరంగమున, పందొమ్మిదికిని ఒకటి పాయింటు తొమ్మిదికిని నడుమ పొంచియున్న దశాంశబిందువను మహాశత్రువును, చత్వారపీడితుడును, స్వేదజలాభిషిక్తుడును, ఒంటరియు కానివాడును అగు మన కథానాయకుడు, అద్దములు లేక, ఊహింపక, భార్య ఎదుట, ఒక్క ప్రయత్నములో చూచెను! జయము, జయము! ఆ చుక్క వెడల్పు ఎంతయని అడుగువారికి సమాధానము: ఒకటిన్నర మిల్లీమీటరు. కొలత సరియైనదని తూనికలు కొలతల ఇన్స్పెక్టరే స్వయముగా ధ్రువీకరించెను. ఆయన భార్య మరల ఒకసారి సరిచూచెను.